నాదానికి అడ్వాన్సు

జాజ్ వాద్యగాళ్లు మెచ్చే, పైపలక వంపు తిరిగిన ఆర్చ్‌టాప్ గిటార్ చేసిపెట్టమని విదేశంలోని ఏదో చిన్న వర్క్‌షాపుకు రాసిన మనిషికి మొదటి జవాబుగా వచ్చేది ప్రశ్నల పట్టిక. పైపలకకు స్ప్రూస్ చెక్క ఎక్కడిది కావాలి, యూరప్ కొండలదా, అమెరికా పడమటి తీరపు సిట్కానా? వెనక పలక మేపుల్‌లో అలలు దగ్గర దగ్గరగా ఉండాలా, వెడంగానా? ఒంటి వెడల్పు 16 అంగుళాలా, 17 అంగుళాలా, 18 అంగుళాలా? లోపల అతికే బద్దెలు పక్కపక్కనే సాగాలా, ఒకదాన్నొకటి అడ్డంగా దాటాలా? మెడ ఎంత లావు? తీగలు బిగించే టెయిల్‌పీస్ లోహంతోనా, ఎబొనీతోనా? పూత వార్నిషా, లాకరా? అన్నిటికీ జవాబులు రాసి, అడ్వాన్సు పంపి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

ఇంత జాబితాలోనూ అసలు సరుకు పేరు ఉండదు. కొనేవాడికి కావలసింది మేపులూ కాదు, ఎబొనీ కాదు. ఎప్పుడో ఏదో రికార్డులో విన్న ధ్వని ఒకటి చెవిలో ఉండిపోయింది, అది కావాలి. దాన్ని రాయడానికి పట్టికలో గడి లేదు. అందుకని ఉత్తరం చివర, గొంతు వెచ్చగా ఉండాలి గానీ మసకబారకూడదు అని ఒక ముక్క చేరుస్తాడు. అవతల ఉలి పట్టుకున్న పనివాడు ఆ ముక్కను ఏ కొలబద్దతో కొలవాలి?

ఈ చిక్కు గిటార్ కంటే, జాజ్ కంటే చాలా పాతది. సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన ఒక కథ ఉంది. వీణ అనేది ఎన్నడూ వినని రాజు ఒకనాడు ఆ నాదం విని పరవశించి, అదేమిటని అడిగాడు. వీణ అని చెప్పి వాద్యాన్ని తెచ్చిపెట్టారు. ఈ కట్టె నాకెందుకు, ఆ నాదం తెచ్చివ్వండి అన్నాడు రాజు. తోలు, దండి, తీగలు, మీటే కోణం, వాటికి తోడు మీటే మనిషి ప్రయత్నం, ఇవన్నీ కలిస్తేనే నాదమని సేవకులు నచ్చజెప్పబోయారు. రాజు వినలేదు. వీణను పది ముక్కలు, నూరు ముక్కలు చేశాడు, పేళ్లుగా చీల్చాడు, కాల్చాడు, బూడిదను గాలికి తూర్పారబట్టాడు. నాదం దొరకలేదు. వీణ అనేది ఒట్టి మోసమని, లోకం దాని వెంటపడి బుద్ధి పోగొట్టుకుంటోందని తేల్చేశాడు. భిక్షువు కూడా ఇలాగే రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం, ఈ ఐదింటినీ చివరిదాకా వెతికితే వాటిలో ఎక్కడా ‘నేను’, ‘నాది’ అనేవి దొరకవన్నది బుద్ధుడు కథను తిప్పిన తీరు.

ఆ వీణ మన సరస్వతీ వీణ కాదు. వంచిన విల్లులాంటి దండికి తీగలు కట్టి, అడుగున తోలు బిగించిన వాద్యం. దాన్ని చూడాలంటే తెలుగువాళ్లు దూరం పోనక్కరలేదు, అమరావతి శిల్పాల్లో స్త్రీలు ఒడిలో పెట్టుకుని మీటేది అలాంటిదే.

ఆ రాజు చేతికి ఆర్చ్‌టాప్ చిక్కి ఉంటే పని ఇంకా తేలికయ్యేది. మామూలు గిటార్‌లో బ్రిడ్జిని పైపలకకు జిగురుతో అతికిస్తారు. ఆర్చ్‌టాప్‌లో, వయొలిన్‌లో లాగే, బ్రిడ్జి ఊరికే నిలబడి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది తీగల ఒత్తిడి ఒక్కటే. తీగలు వదులు చేస్తే బ్రిడ్జి చేతిలోకి ఊడివస్తుంది. పైపలకను వంచి చేయరు, దళసరి చెక్కను ఉలితో, చిత్రికతో తొలిచి వంపు తీస్తారు. మధ్యలో దాదాపు 6 మిల్లీమీటర్లు మిగిల్చి, అంచులకు పోయేకొద్దీ పలచన చేస్తారు. మధ్యమధ్య వేలితో తట్టి, చెవి ఒగ్గి, ఇంకా ఎంత తీయాలో తేల్చుకుంటారు. ఇలా చెక్కిన పలకతో మాండొలిన్ చేసే పద్ధతికి మిషిగన్ రాష్ట్రపు కలమజూలో ఓర్విల్ గిబ్సన్ 1898లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరుతో 1902లో కంపెనీ వెలిసింది. ఆ కంపెనీలో లాయిడ్ లోర్ వయొలిన్ మాదిరి ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెట్టి ఎల్-5 గిటార్‌ను 1922లో తెచ్చాడు. తర్వాతి ఆర్చ్‌టాప్‌లన్నిటికీ అదే మూలవిరాట్టు.

మరి నాదం ఏ భాగంలో ఉంది? గిటార్ లోకంలో ఈ ప్రశ్నకు చెక్కలో అని జవాబు చెప్పేవాళ్లే ఎక్కువ, ధరలు కూడా దాన్నిబట్టే ఉంటాయి. బాబ్ బెనెడెట్టో అనే అమెరికన్ నిపుణుడికి ఆ మాట నచ్చలేదు. ఇళ్ల కట్టుబడికి వాడే, ముడులు తేలిన చవక పైన్ చెక్కతో ఒక ఆర్చ్‌టాప్ చేసి చూపించాడు. అది శుభ్రంగా పలికింది. ఆయన ఒక్కడి మాట చాలదనుకునేవాళ్లకు బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన పరీక్ష ఉంది. అవి ఆర్చ్‌టాప్‌లు కావు, చదునైన పలకల స్టీలు తీగల గిటార్లు. ఒకే నిపుణుడు చేసిన ఆరు. వెనక పలక, పక్కల చెక్క తప్ప అన్నీ ఒకేలా ఉన్నవి. ఒకటి బ్రెజిల్ రోజ్‌వుడ్, ఒకటి మన దేశపు రోజ్‌వుడ్, మిగతావి మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులు ఏది ఏ చెక్కో కనపడకుండా వాయించి మార్కులు వేశారు. మార్కులు ఇంచుమించు ఒక్కలాగే వచ్చాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లోనే నిషేధించేంతగా అరుదైపోయిన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు వాళ్ల చెవులు పెద్ద పీట వేయలేదు.

వయొలిన్ల సంగతి ఇంకా ఇబ్బందికరం. 2010లో ఇండియానాపొలిస్‌లో ఒక హోటల్ గదిలో 21 మంది వయొలినిస్టులకు వెల్డింగ్ కళ్లద్దాలు తగిలించి, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లూ మూడు కొత్తవీ ఇచ్చారు. ఎక్కువమంది మెచ్చింది కొత్తదాన్ని. అందరికంటే తక్కువ మంది మెచ్చింది ఒక స్ట్రాడివేరియస్‌ను.

ఇవన్నీ విని, రాజే గెలిచాడు, చెక్కలో ఏమీ లేదు అనుకునే తొందర సహజం. అది తప్పు. నాదం ధర ఉన్నచోట లేదని మాత్రమే ఆ పరీక్షలు చెప్పాయి. నాదమే లేదని చెప్పలేదు. పైగా ఆ కథలో సేవకులు చెప్పిన జాబితాను మళ్లీ చూడండి. తోలు, దండి, తీగల తర్వాత చివరన మనిషి ప్రయత్నం ఉంది. రాజు నరికింది వీణను. వాయించిన మనిషిని మాత్రం పిలిపించలేదు.

ఆ మనిషిని పిలిచింది బృహదారణ్యకోపనిషత్తు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళుతూ ఇద్దరు భార్యలకు ఆస్తి పంచబోతాడు. ఈ సంపదతో నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదంటాడు ఆయన. ఆస్తి పంపకాల మధ్యలో మొదలైన ఆ మాటల్లోనే వీణ ప్రస్తావన వస్తుంది. వీణ మోగుతున్నప్పుడు బయటికి వచ్చే ఒక్కొక్క ధ్వనినీ విడిగా పట్టుకోలేం. వీణనో, వీణ వాయించేవాడినో పట్టుకుంటే ధ్వని పట్టుబడుతుంది. దుందుభికీ శంఖానికీ కూడా ఇదే సామ్యం చెబుతాడు. విడివిడి ధ్వనులు వీణానాదమనే సామాన్యంలో ఇమిడి ఉన్నట్టే జగత్తంతా ఆత్మలో ఇమిడి ఉందని శంకరాచార్యుల భాష్యం.

వాద్యం ఒకటే, తీర్పులు రెండు. బౌద్ధం వీణను విప్పి, చూడండి, లోపల ఎవరూ లేరంటుంది. ఉపనిషత్తు, ఆ ఒక్కదాన్నీ పట్టుకోండి, అన్నీ పట్టుబడతాయంటుంది. అయితే ఉపనిషత్తు కూడా అంత సుఖంగా ముగియదు. మరణించాక సంజ్ఞ ఉండదని అదే సంభాషణలో యాజ్ఞవల్క్యుడు అనేసరికి, మీరు నన్ను తికమక పెట్టేశారని మైత్రేయి నిలదీస్తుంది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. ఆ క్షణాన ఋషి మాట రాజు ఎగరేసిన బూడిదకు చాలా దగ్గరగా వచ్చింది.

గ్రీకులకూ ఇలాంటి వాద్యమే, ఇదే తగువు. ప్లేటో రాసిన ఫీడోలో, సోక్రటీస్ విషం తాగవలసిన రోజున, సిమ్మియాస్ అనే మిత్రుడు ఒక సందేహం లేవదీస్తాడు. లైర్ శ్రుతి కంటికి కనపడదు, దివ్యంగా ఉంటుంది. అయినా లైర్ విరిగితే శ్రుతీ పోతుంది. శరీరం విరిగితే ఆత్మ సంగతీ అంతేనా? సోక్రటీస్ జవాబుల్లో ఒకటి వడ్రంగి చెప్పినట్టే ఉంటుంది. చెక్క, తీగలు ముందు వస్తాయి, శ్రుతి అన్నిటికంటే చివర వస్తుంది. ఆత్మ అలా కాదు, పుట్టక ముందు నుంచే ఉంది.

గిటార్‌కు ఆర్డరిచ్చేవాడు ఆ విషయం తెలియకుండానే సోక్రటీస్ పక్షాన చేరిపోతాడు. వాడి లెక్కలో శ్రుతే ముందు పుట్టింది. చెట్టు కొట్టక ముందే నాదం చెవిలో ఉంది. చెక్క దానికి ఒంటిని సమకూర్చాలంతే. ఆ నాదం చాలామందికి జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ రికార్డుల్లోంచి వస్తుంది. ఆయనదీ వయొలిన్ పరీక్ష జరిగిన ఆ ఇండియానాపొలిస్సే. గిబ్సన్ కంపెనీ ఆయనకు ఒకే పికప్‌తో ఎల్-5 ప్రత్యేకంగా చేసి ఇచ్చింది. దాన్ని కొలత కొలతకూ పోల్చి చేయించుకోవచ్చు. ఆయన ప్లెక్ట్రమ్‌తో వాయించలేదు, బొటనవేలి కండతో వాయించాడు. జాబితాలో రాయలేని భాగం అది. ఆయన 1968లో పోయాడు. అదే మోడల్ గిటార్లు ఇవాళ ఎందరి ఒళ్లోనో ఉన్నాయి, ఆ గొంతు మాత్రం రికార్డుల్లో మిగిలింది.

మన దగ్గరా సాక్ష్యం ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న మాండొలిన్ పట్టాడు. నాలుగు జంటలుగా ఉండే ఎనిమిది తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టించుకున్నాడు. లోపల బోలు లేని, గిబ్సన్ చెక్కిన వంపు పలక ఊసే లేని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించాడు. చెక్క పక్షం వాళ్లు దీనికి ఏం చెబుతారో తెలుసుకోవాలి. జైపూర్‌లో విశ్వమోహన్ భట్ ఎదురు దారిన వెళ్లాడు. ఆర్చ్‌టాప్ ఒంటినే ఉంచి, తోడుగా మోగే తరఫ్ తీగలూ శ్రుతికి మీటే చికారీలూ చేర్చి 20 తీగల మోహనవీణ చేసుకున్నాడు. గమకం, మీండ్ కోరే చెయ్యి ముందు ఉంది, వాద్యం దాని వెనక నడిచింది.

ఈ చెయ్యే విదేశీ ఆర్డరులో దారి తప్పుతుంది. న్యూయార్క్‌లో జాన్ డాంజెలికో 1932 నుంచి 1964లో పోయేదాకా కెన్‌మేర్ వీధిలోని కొట్లో సుమారు 1,164 గిటార్లు చేశాడు, ఆర్డరు మీద. ఊళ్లోని వాద్యగాడు గుమ్మంలోకి వచ్చి వాయించి చూపించగలడు. ఎంత గట్టిగా కొడతాడో, ఎక్కడ మీటుతాడో పనివాడి కంటికి కనపడుతుంది. సముద్రం అవతలికి కొలతలు వెళతాయి, ఫోటోలు వెళతాయి, ఇప్పుడు వీడియోలు కూడా. చెయ్యి వెళ్లదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి చేసే వీణ దేశం దాటినప్పుడూ ఇంతే. మెట్లు నిలబెట్టిన మైనం దారిలో వేడికి మెత్తబడితే మేళం మళ్లీ కట్టాలి, దిగిన ఊళ్లో ఒక చెవి ఉండాలి. ఆర్చ్‌టాప్ బ్రిడ్జి కూడా పెట్టె విప్పాక చెవితోనే జరిపి పెట్టవలసింది.

పట్టికను పూర్తిగా పక్కన పెట్టి చూసినవాడూ ఉన్నాడు. స్కాట్ చినెరీ అనే గిటార్ల సేకరణకర్త 22 మంది నిపుణులకు 1990లలో ఒకే షరతు పెట్టాడు: 18 అంగుళాల ఆర్చ్‌టాప్, నీలం రంగు. మిగతాదంతా మీ ఇష్టమన్నాడు. వచ్చిన నీలాలన్నీ వేర్వేరు ఆకారాలు, వేర్వేరు రంధ్రాలు. స్మిత్సోనియన్ వాటిని ప్రదర్శనకు పెట్టింది. ఆ ఆలోచనకు మూలం డాంజెలికో శిష్యుడు జిమ్మీ డక్విస్టో చేసిన నీలి గిటార్. గురువు సగంలో వదిలిన గిటార్లు పూర్తిచేసినవాడు ఆయన. లోహపు టెయిల్‌పీస్ మానేసి కర్రకు వచ్చాడు, చివరి ఏళ్లకు ఎఫ్ రంధ్రాలూ వదిలేశాడు. అడ్వాన్స్ అనే నమూనాలో రంధ్రాలకు తీసి పెట్టుకునే ముక్కలు అమర్చాడు, వాటిని మారుస్తూ వాయించేవాడే గిటార్ గొంతును మార్చుకోవచ్చు.

చేసినవాడే నాదాన్ని ముగించకుండా కొన్నవాడి చేతికి వదిలాడు. దీన్ని యాజ్ఞవల్క్యుడు తన పక్షాన సాక్ష్యంగా చూపొచ్చు, వాయించేవాడే సర్వమని. ఈ వ్యాసకర్త మాత్రం కాస్త బౌద్ధుల వైపే మొగ్గుతాడు, ఎందుకంటే ముక్క మారిస్తే గొంతు మారుతోంది, చెయ్యి మారినా మారుతోంది, గది మారినా మారుతోంది. నాదం ఇక్కడ ఉందని వేలు పెట్టి చూపడానికి చినెరీ నీలి గిటార్లలోనూ చోటు దొరకదు.