బొమ్మల కొలువులో యుద్ధశకటము

మనుష్యులను చంపుటకై నిర్మింపబడిన యంత్రమును ముచ్చటగా చిత్రించి యింట నుంచుకొనుట తప్పా, ఒప్పా? ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి రాలేదు. మా యింటి బొమ్మల కొలువు మెట్లమీదనుండి వచ్చినది.

మా మేనల్లుడు పదునాలుగేండ్లవాడు. మూడు మాసములు శ్రమపడి యొక ట్యాంకు నమూనాను చేసినాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికావారు సుమారు 49 వేలు నిర్మించిన షెర్మన్ అను యుద్ధశకటమునకు అది ముప్పదియైదవ వంతు ప్రతిరూపము. అసలు శకటము సుమారు 6 మీటర్ల పొడవు, 30 టన్నుల బరువు గలది. వీనిది జానెడునకు కొంచెము తక్కువ, తూకమునకు పిడికెడు. దసరాకు కొలువు పెట్టుచుండగా దానిని పై మెట్టున నుంచుడని వాడు కోరెను. ఎనుబదియేండ్లు దాటిన మా తల్లిగారు దానిని అరచేత నుంచుకొని, ఇటునటు త్రిప్పి చూచి, "దీని లోపల ఎవరున్నార్రా?" అని యడిగిరి.

"ఎవరూ లేరమ్మమ్మా! లోపలంతా బోలు" అని వాడు నవ్వెను.

"అసలుదాన్లోనో?"

"అయిదుగురు."

ఆమె మరి మాటాడక దానిని బల్లమీద పెట్టి లోనికి పోయిరి. ఆమె తండ్రిగారు బర్మా యుద్ధమునకు పోయి తిరిగివచ్చినవారు. బ్రతికినన్నాళ్లు ఆ యుద్ధపు మాట ఆయన నోట నెవరును వినలేదు. బాలుడు చిన్నబోయెను. తీర్పు చెప్పు భారము మాపై బడినది.

మొదట ఈ విద్యకు న్యాయము చేయుదము. పెట్టె విప్పినచో చట్రముల కంటియున్న ప్లాస్టిక్ ముక్కలు వందలకొలది కానవచ్చును. వాని నొక్కొక్కటిగా కత్తిరించి, తెగిన చోటును ఉప్పుకాగితముతో రుద్ది, జిగురుతో అతుకవలెను. ఆ జిగురు మన బంకవంటిది కాదు. రెండు ముక్కల అంచులను కొంచెముగా కరగించి యేకము చేయునది. తొందరపడినచో ముక్కయే చెడిపోవును. అతుకుట ముగిసిన పిదప రంగు. అసలు శకటమునకు పూసిన రంగునే పూసినచో చిన్న వస్తువుపై నది మితిమీరి ముదురుగా కానవచ్చును గనుక, కొంత తెలుపు కలిపి తేలికచేయుదురు. పలుచని ముదురు రంగును సందులలోనికి పారించి నీడలు కల్పింతురు. ఆరిపోవచ్చిన కుంచెను అంచులకు తాకించి వెలుగు తెత్తురు. స్పాంజి ముక్కతో రంగు రాలిన మచ్చలను, పొడి రంగులతో బురదను దుమ్మును కల్పింతురు. సెల్లుఫోను తెరనుండి చూపు మరల్చలేని బాలురున్న ఈ కాలమున, మూడు మాసములు ఒక పనిపై మనసు నిలిపి, చెడినదానిని తానే దిద్దుకొనిన బాలుని మేమెట్లు నిందింతుము? చేతిపనిని చిన్నచూపు చూచుట చదువుకొన్న కుటుంబముల పాత జాడ్యము. దానికి ఇట్టి వేడుకలు మంచి మందు.

ఆయుధపు బొమ్మ పట్టినవాడు హింసకుడగునని కొందరు భయపడుదురు. ఈ భయము మాకు లేదు. మన కొలువులలో కోదండరాముడున్నాడు. అంబారీ కట్టిన కొండపల్లి యేనుగున్నది. ఒకప్పుడు రాజులు యుద్ధమునకు పోయినదియు ఏనుగుమీదనే. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913వ సంవత్సరమున బొమ్మ సైనికులతో ఆడు యుద్ధక్రీడకు నియమములు కూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. ఆ క్రీడ యెరిగినవారికి నిజమైన మహాయుద్ధ మెంతటి మూఢకార్యమో తెలియునని యందులో వాదించెను. మరుసటి యేడే మహాయుద్ధము వచ్చినది. బొమ్మలు యుద్ధమును తేలేదు, ఆపను లేదు. బొమ్మపై మోయరాని భారమును మోపుట న్యాయము కాదు.

అట్లని "బొమ్మయే గదా" యని త్రోసివేయుటయు మాకు సమ్మతము కాదు. ఏలయనగా బొమ్మ వేరు, నమూనా వేరు. అగ్గిపెట్టెను నేలమీద నీడ్చి "ఇది ట్యాంకు" అను పసివాడు ఊహతో ఆడుకొనుచున్నాడు. వాడు ఎవరికిని ప్రమాణము చేయలేదు. నమూనా చేయువాడట్లు కాదు. ఫలానా సంవత్సరమున ఫలానా దళములో నున్న శకటము సరిగా నిట్లే యుండెనని వాని ప్రతిజ్ఞ. మరమేకు ఒక్కటి తక్కువైనను వానికి నిద్రపట్టదు. సత్యమే వ్రతమని పూనినవాడు ఇనుము దగ్గర సత్యమును నిలిపివేయవచ్చునా? మా తల్లిగారి ప్రశ్నలోని సారమిదియే.

ఒక దృష్టాంతము చూపుదుము. మా మేనల్లుని శకటమునకు కుడిప్రక్క రెండు, ఎడమప్రక్క నొకటి చదరపు పలకలు అతికి యున్నవి. పటములో నున్నట్లు వెండ్రుకవాసి తేడా లేకుండ వాడు వానిని నిలిపినాడు. "ఇవి యెందుకురా?" అని యడుగగా, "అప్పటి శకటములకు ఇవి యుండెను" అని మాత్రమే చెప్పగలిగెను. ఆ పలకల వెనుకనే ఫిరంగిగుండ్ల అరలుండెడివి. శత్రువు గుండు ఆ ప్రక్కను ఛేదించినచో లోపలి మందుగుండు అంటుకొని, బయటపడుటకు వ్యవధి లేక లోనివారు కాలిపోవుచుండిరి. కావుననే అక్కడ అదనపు ఇనుము అతికిరి. అదియు చాలనందున 1944వ సంవత్సరమునుండి వచ్చిన శకటములలో గుండ్లను అడుగుభాగమునకు దింపి, అరలచుట్టు నీటి తొట్లు అమర్చిరి. అంతకుముందు దెబ్బతిన్న షెర్మన్లలో నూటికి 60 మొదలు 80 వరకు తగులబడుచుండగా, ఈ మార్పుతో అది 10 మొదలు 15 వరకు తగ్గెనని అమెరికా సైన్యము లెక్కకట్టినది. కాబట్టి ఆ మూడు పలకలును అలంకారములు కావు. మరణముల పిదప వ్రాయబడిన సమాధానములు. వానిని వెండ్రుకవాసిగా అతికిన చేతికి ఆ సంగతి తెలియకుండుట మాకు వింతగా తోచినది.

ఈ నమూనాల పుట్టుకలోనే ఈ మరపు ఇమిడియున్నది. జపాను దేశమున షిజువోకా నగరము 1945 జూన్ నెలలో విమానములు కురిపించిన బాంబులచే కాలిపోయెను. మరుసటి సంవత్సరమే ఆ నగరమున తమియా అను సంస్థ కలపవ్యాపారముగా మొదలై, క్రమముగా కొయ్యబొమ్మలకు, పిదప ప్లాస్టిక్ బొమ్మలకు మరలినది. 1960 దశకపు తొలినాళ్లలో అది పాంథర్ అను జర్మను ట్యాంకు నమూనాను విడుదల చేసెను. నేడు లోకమంతట వ్యాపించిన ముప్పదియైదవ వంతు కొలత దానినుండియే ప్రసిద్ధికెక్కినది. ఆ కొలత యెట్లు కుదిరినది? బొమ్మను నడిపించు బ్యాటరీలు లోపల పట్టుటకు ఎంత చోటు కావలెనో అంత. అసలు శకటమున మనుష్యులుండెడి చోటును బొమ్మలో బ్యాటరీలాక్రమించినవి! బాంబులచే కాలిన నగరమే యుద్ధశకటపు బొమ్మలకు పుట్టినిల్లగుట చూచి వారిని నిందించువారము మేము కాము. బూడిదనుండి బ్రతుకుతెరువు వెదకుకొన్నవారిని ఎవరు నిందింపగలరు? మనుష్యుడు ఘోరమును చిన్నదిగా చేసి చేతిలోనికి తీసుకొనినగాని దానితో బ్రతుకలేడేమో! అయితే చిన్నది చేయుట యొకటి, బోలు చేయుట మరియొకటి.

ఇది పరాయివారి కథయని మన మూరకుండుటకును వీలులేదు. హైదరాబాదు రాజ్యమున పుట్టిన అశ్వదళముల వారసత్వము గల డెక్కన్ హార్స్ దళము 1945వ సంవత్సరమున బర్మాలోని మెయిక్తిలా పోరాటమున షెర్మన్ శకటములతోనే పోరాడెను. 1965వ సంవత్సరమున పంజాబులోని అసల్ ఉత్తర్ వద్దను ఆ దళమునకు షెర్మన్లే యుండెను. వాని మూతల క్రింద కూర్చున్నవారు ఈ దేశపు తల్లుల బిడ్డలు.

కావున మా తీర్పిది. యుద్ధశకటపు నమూనాను చేయుట తప్పు కాదు. తుప్పును, బురదను, రాలిన రంగును మాత్రమే యుద్ధమని నమ్ముట తప్పు. గృహిణులు, గృహస్థులు ఇట్టి బొమ్మను పిల్లల చేతినుండి లాగికొనవలదు. దానిని గూర్చి యడుగవలెను. ఈ పలక యెందుకు? ఈ మూత యెవరికి? లోన నున్నవాని చోటెక్కడ? చదివి సమాధానము చెప్పగలిగిన బాలునికి యుద్ధముపై వ్యామోహము కలుగునను భయము మాకు లేదు.

ఈ మాటలే మా మేనల్లునితో చెప్పితిమి. ఆ పెట్టెలో ఒక మనుష్యుని ప్రతిమయు నుండెనట. ముఖమునకు రంగు వేయుట కష్టమని దానిని చట్రమునకే విడిచిపెట్టినాడు. వారము దినములు కూర్చుండి, మూడుమారులు చెడగొట్టి, నాలుగవమారు ఆ ముఖమును తీర్చి, పై మూత తెరచి నిలిపినాడు. మా తల్లిగారు కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచి, దానిని క్రింది మెట్టున తామే యుంచిరి.

"మరి మిగిలిన నలుగురో?" అని యడిగిరి.

"లోపలున్నారమ్మమ్మా" అనెను వాడు. ఈమారు నవ్వలేదు.

ఆ మాట చెప్పగలిగిన చేతిలో ఆ బొమ్మ నిర్దోషమని మా యభిప్రాయము.