అయాచితదానము: గ్రహీత ధర్మము

దాతను గూర్చి తలచినంతగా లోకము గ్రహీతను గూర్చి తలపదు. శిబి, బలి, కర్ణుడు, రంతిదేవుడు అను పేర్లు మన బాలురకును తెలియును. కాని వారి చేతినుండి గ్రహించినవారు ఎట్లు గ్రహించిరి, గ్రహించిన పిమ్మట ఎట్లు జీవించిరి అని అడుగువారు అరుదు. ఇచ్చుట యొక సాధన యగునేని పుచ్చుకొనుటయు నొక సాధనయే కావలెను. అందును దాత చిరపరిచితుడు గాక, దాదాపు అపరిచితుడై, ఇచ్చినది ఊహకు మించినదై యుండునప్పుడు గ్రహీతకు కలుగు పరీక్ష సామాన్యమైనది కాదు.

గుజరాత్ రాష్ట్రమున, సూరతు జిల్లాలో, బార్డోలీకి చేరువగా పల్సానా యను తాలూకా గలదు. ఆ ప్రాంతమున బట్టల మిల్లులు, అద్దకపు కర్మాగారములు మెండు. తెలుగు నేలనుండి వలసవెళ్ళిన నేతపనివారి కుటుంబములు సూరతు ప్రాంతమున చిరకాలముగా జీవించుచున్నవి. అట్టి చోట పనిచేయు నొక తెలుగు కార్మికుని ఊహింతము. బిడ్డకు పెద్దజబ్బు చేసినది. ఆసుపత్రి ఖర్చు అతని కొన్ని నెలల జీతమునకు మించినది. బంధువులు దూరమున నున్నారు. చుట్టుపట్ల వినబడు భాష వేరు. సరకులు కొనునపుడు తప్ప ఎన్నడును పలుకరించి యెరుగని యొక వర్తకుడు సంగతి విని, వచ్చి, సొమ్మంతయు చెల్లించి, మరుమాట లేక వెడలిపోయె ననుకొందము. బిడ్డ బ్రతికినది. ఆ తండ్రి యిప్పుడేమి చేయవలెను?

అతని మనస్సున మూడు భావములు వరుసగా తలయెత్తును. మొదటిది శంక: ‘ఇతడేల ఇచ్చెను? రేపు నన్నేమి అడుగును?’ రెండవది సిగ్గు: ‘పరాయివాని ధర్మముచే బ్రతుకవలసి వచ్చెనే! అప్పో సొప్పో చేసి తక్షణమే తీర్చివేయవలెను.’ మూడవది ఆశ: ‘ఒకసారి ఇచ్చినవాడు మరియొకసారి ఈయకుండునా?’ ఈ మూడును భిన్నములుగా కనిపించినను వీని మూలమొక్కటియే. అది అహంకారము. శంకయందది భయపడుచున్నది, సిగ్గునందది నొచ్చుకొనుచున్నది, ఆశయందది చేయి చాచుచున్నది.

మన శాస్త్రములు ప్రతిగ్రహమును తేలికగా తీసికొనలేదు. దానము పుచ్చుకొనుటకు అర్హత గలవాడైనను దానియందు ఆసక్తి పెంచుకొనరాదనియు, పెంచుకొనినచో తేజస్సు క్షీణించుననియు మనుస్మృతి హెచ్చరించుచున్నది. పతంజలి అపరిగ్రహమును యమములలో నొకటిగా పేర్కొనెను. మరియొక ప్రక్క గీత పదునేడవ అధ్యాయమున, ప్రత్యుపకారము చేయజాలనివానికి, దేశకాలపాత్రముల నెరిగి, ఈయవలసినదను బుద్ధితో నిచ్చునదే సాత్త్వికదానమని చెప్పబడినది. ఇందొక సూక్ష్మము గలదు. దాత ప్రతిఫలము కోరక యిచ్చినదానిని, గ్రహీత అప్పుగా భావించి త్వరపడి తీర్చివేయ జూచినచో, అతడు సాత్త్వికదానమును వర్తకముగా మార్చినవాడగును. అట్లని ఊరకుండినచో కృతఘ్నుడగునా? ఈ చిక్కును విప్పుటకు మహనీయుల నడవడియే మనకు వెలుగు.

శ్రీరామకృష్ణులు దక్షిణేశ్వరమున నివసించు కాలమున లక్ష్మీనారాయణ యను మార్వాడీ భక్తుడు వారి పడకపై మాసిన దుప్పటిని చూచి, వారి సేవకై పదివేల రూపాయలు నిలువచేయుదు నన్నాడు. పరమహంస సమ్మతింపలేదు. పరులపేర నుంచెద నన్నను సమ్మతింపలేదు. అది తనదను భావము, దానిని ఖర్చు చేయించు అధికారము మనస్సున ప్రవేశించునని వారి అభిప్రాయము. శారదాదేవికి ఈయజూపగా ఆమెయు నిరాకరించెను. తాను గ్రహించినను అది వారి సేవకే వ్యయమగును గనుక వారు గ్రహించినట్లే యగునని ఆమె తలచెను. ఇది దాతను కించపరచుట కాదు. తమ మార్గమునకు ఏది అడ్డమో వారికి స్పష్టముగా తెలియును.

1893వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వివేకానందస్వామి హైదరాబాదునకు వచ్చెను. సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ఉపన్యసించెను. ఆ దినములలో నవాబు ఖుర్షీద్ జా స్వామిని తన సౌధమునకు రప్పించి, సంభాషించి, పాశ్చాత్యదేశ యాత్రకై వేయి రూపాయలు ఇచ్చుటకు సిద్ధపడెను. మతము వేరు, పరిచయము స్వల్పము; అయినను చేయి ధారాళము. స్వామి ఆ సొమ్మును అప్పుడు స్వీకరింపక, సమయము వచ్చినపుడు తెలియజేసెద ననెను. యాత్రకు దైవాజ్ఞ అయినదను నిశ్చయము ఆయనకింకను కలుగలేదు. కార్యమే నిశ్చయము గాకమునుపు కార్యముపేర ధనమును గ్రహించుట ఆయనకు తగదని తోచెను.

అదే సంవత్సరము సెప్టెంబరులో చికాగో నగరమున చిరునామా పోగొట్టుకొని, అలసి, వీథిప్రక్కన కూర్చుండిన స్వామిని ఎదుటి యింటి గృహిణి శ్రీమతి హేల్ చూచి లోనికి పిలిచెను. ఆతిథ్యమిచ్చి సర్వమత మహాసభ కార్యాలయమునకు చేర్చెను. ఆమె అంతకుముందు ఆయనను ఎరుగనైన నెరుగదు. ఇచ్చట స్వామి సంకోచింపలేదు. ఆ కుటుంబమును జీవితాంతము తల్లిగా, సోదరీమణులుగా భావించెను. ఒకచోట ఆగినవాడు మరియొకచోట వెంటనే స్వీకరించుటలో విరోధము లేదు. హైదరాబాదున అక్కర ఇంకను రాలేదు, చికాగోలో వచ్చినది. ఇచ్చినదెంత పెద్దదను లెక్కకంటె, అది యే కార్యమునకు, ఏ సమయమున వచ్చినదను విచారణయే ముఖ్యము.

గుజరాత్‌లోనే జరిగిన మరియొక వృత్తాంతము ఈ విషయమున మిక్కిలి బోధకమైనది. మహాత్మాగాంధి 1915 మే 25వ తేదీన అహమ్మదాబాదు చెంత కోచరబులో ఆశ్రమము స్థాపించెను. కొలది నెలలలో దూదాభాయి, అతని భార్య దానీబెహన్, కుమార్తె లక్ష్మి అను హరిజన కుటుంబమును ఆశ్రమమున చేర్చుకొనెను. దానితో ధనసహాయము ఆగిపోయెను. మరుసటి నెలకు చిల్లిగవ్వ లేదని మగన్‌లాల్ తెలిపెను. హరిజనవాడకు పోయి కూలిచేసికొని బ్రతుకుదమని గాంధీజీ నిశ్చయించుకొనెను. ఇంతలో ఒక షేటు మోటారులో వచ్చి, సహాయమును స్వీకరింతురా యని అడిగి, మరునాడు చెప్పిన వేళకు వచ్చి పదుమూడువేల రూపాయల నోట్లు చేతికిచ్చి, ఆశ్రమము లోపలికైన అడుగిడక వెడలిపోయెను. గాంధీజీ అంతకుమున్ను ఆయనను ఒక్కసారి మాత్రమే కలిసికొనియుండెను. ఆ షేటు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి యని తరువాత లోకమునకు తెలిసినది.

ఇంతవరకు చాలమంది యెరుగుదురు. తరువాతి కథను దీనితో చేర్చి చదువువారు తక్కువ. 1918 ఫిబ్రవరి, మార్చి మాసములలో అహమ్మదాబాదు మిల్లుకార్మికులు నూటికి ముప్పదియైదు వంతున జీతము పెంపు కోరి సమ్మె చేసిరి. వారికి నాయకుడు గాంధీజీ; ఎదుట నిలిచిన యజమానులలో ప్రముఖుడు అంబాలాల్. ఆయన సోదరి అనసూయాబెన్ కార్మికుల పక్షమున నిలిచెను. ఆశ్రమమును నిలిపిన చేతికి ఎదురుగా గాంధీజీ కార్మికుల చేయి పట్టుకొనెను. ఉపకారిని దూషింపలేదు, ద్వేషింపలేదు. ఉపకారము పేర సత్యమును విడువనులేదు. తన ఉపవాసము యజమానులతో గల స్నేహముపై ఒత్తిడి పెట్టుచున్నదని ఆయనయే బాధపడెను. తుదకు మధ్యవర్తిత్వముతో వివాదము పరిష్కృతమైనది. పదుమూడువేల రూపాయలు ఆశ్రమ భోజనమును నిలిపినవే గాని అంతరాత్మను కొనలేదు. నిజమైన దాత దానిని కొనగోరలేదు. నిజమైన గ్రహీత దానిని అమ్మలేదు. కృతజ్ఞతకును దాస్యమునకును గల భేదమింతకంటె స్పష్టముగా ఎక్కడ కనబడును?

స్వేచ్ఛ నిలుపుకొనుట గ్రహీత ధర్మములో సగము. మిగిలిన సగము, గ్రహించినదానికి ధర్మకర్తగా వర్తించుట. 1930 మార్చి 29న దండియాత్రలో సూరతు జిల్లా భట్‌గాంలో గాంధీజీ చేసిన ప్రసంగము దీనికి సాక్ష్యము. యాత్రికులకై గ్రామస్థులు, కార్యకర్తలు ఉదారముగా ఏర్పాట్లు చేసిరి. పాలకొరకు సూరతునకు మోటారు లారీ పోయెను. బరువైన దీపమును ఒక కూలివాడు తలపై మోసెను. గాంధీజీ ఇచ్చినవారినిగాక, పుచ్చుకొనుచున్న తనవారినే ప్రశ్నించెను. పేదదేశముపేర సత్యాగ్రహము చేయువారు ఆ పేదల కష్టముపై సుఖపడవచ్చునా? ఇచ్చువాని ప్రేమకు హద్దు లేకపోవచ్చును. పుచ్చుకొనువానికి హద్దు ఉండితీరవలెను.

మన తెలుగునాట 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో ఇదే ధర్మము మరియొక రూపమున వెలసినది. హరిజనులు తమకు ఎనుబది ఎకరములు కావలెనని వినోబాజీకి విన్నవింపగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చెద ననెను. ఆ నాడే ఊరికి వచ్చిన బాటసారి మాటపై అడిగినదానికంటె అధికముగా దానము లభించినది. వినోబా దానిలో తనకొక పిడికెడు మన్నైన ఉంచుకొనలేదు. అది ఎవరికి చెందవలెనో వారికై స్వీకరించెను. తన చేతిలో ఆగని దానము గ్రహీతను మలినపరచదు.

ఇప్పుడు పల్సానాలోని ఆ తండ్రికి మార్గము కనబడును. అతడు దాతను వెదకిపోయి, బిడ్డ బ్రతికినదని కన్నులెత్తి చెప్పవలెను. పొగడ్తలకంటె ఆ వార్తయే దాతకు తృప్తి. ఆ సొమ్ము అప్పుగా నిచ్చిరా, దానముగా నిచ్చిరా యని సూటిగా అడుగవలెను. అప్పైనచో తీర్చవలెను, దానమైనచో వినయముతో ఒప్పుకొనవలెను. ఆసుపత్రినుండి మిగిలి తిరిగివచ్చినది ఏమైన నున్నచో ఇచ్చివేయవలెను. ఆ గుమ్మమున మరల ఆశతో నిలువరాదు. ఆ వర్తకుడు ఎన్నడైన అన్యాయమునకు తోడ్పడుమని కోరినచో చేతులు జోడించి కాదనవలెను. పరదేశమున మరియొకనికి ఆపద వచ్చినపుడు, తనకున్నంతలో, పేరడుగక పోయి నిలువవలెను. ఋణము తీరుట యనగా ఇదియే. దాతకు మరల చేరుట కాదు, అక్కరగలవానికి ముందుకు సాగుట.

సర్వమును భగవంతుడే ఇచ్చుచున్నాడని నమ్మువారు మనలో పెక్కురు. ఆ నమ్మకము సత్యమే. కాని ‘భగవంతుడిచ్చెను’ అని తన ఎదుట నిలిచిన మనుష్యుని మరచుట భక్తి కాదు. అట్లే మనుష్యుని ముందు క్రుంగి, అతని ద్వారా వచ్చినదాని మూలమును మరచుటయు వివేకము కాదు. మనుష్యునికి కృతజ్ఞత, భగవంతునికి శరణాగతి, అక్కరగలవానికి సేవ: ఈ మూడును కూడినపుడే పుచ్చుకొనిన చేయి పవిత్రమగును. ఇచ్చు భాగ్యము అందరికి ఎల్లప్పుడు లభింపదు. పుచ్చుకొనవలసిన దినము మాత్రము ఎవనికైనను రావచ్చును. ఆ దినమున గర్వముతో త్రోసివేయకయు, దైన్యముతో క్రుంగకయు, ధర్మబుద్ధితో చేయి చాచగల మనస్సును ముందుగనే అలవరచుకొందము గాక!