తాకట్టుపడిన వల

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 24:6, లూకా 5:1-11, నెహెమ్యా 5:1-13

తిరుగలిని గాని దాని పైరాతిని గాని అప్పుకు తాకట్టుగా పుచ్చుకొనుటను మోషే ధర్మశాస్త్రము నిషేధించెను. పైరాతికి హెబ్రీలో ‘రెఖెబ్’ అని పేరు. స్వారి చేయునది అని దాని భావము. అదొక్కటి ఎత్తుకొనిపోయిన చాలును, క్రిందిరాయి మిగిలియున్నను ఆ యింట పిండి ఉండదు. అట్టి తాకట్టును ధర్మశాస్త్రము ‘నెఫెష్’ను తాకట్టు పట్టుటగా ఎంచినది. నెఫెష్ అనగా గొంతు, ఊపిరి, ప్రాణము. ఏ తెలుగుమాట వాడినను కొంత జారిపోవును. అప్పిచ్చినవాని చెయ్యి బీదవాని గొంతుమీద నున్నదనుట మూలమునకు దగ్గర.

అండమాను దీవులలో, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ పట్టణపు రేవు పేట ఫీనిక్స్ బే. ఇతర దీవులకు ఓడలు అచ్చటనుండి బయలుదేరును. సమీపమున జంగ్లీఘాట్‌లో చేపల రేవున్నది. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములనుండి వలసవచ్చిన తెలుగు మత్స్యకారులు ఈ పట్టణమున తరములుగా కాపురముండి వేటకు పోవుచున్నారు.

సముద్రము చేపలియ్యనందున మత్స్యకారులు బీదలైరని తలంచుట సులభము. కొంతవరకది నిజమే. అయితే చిన్నపడవల వేట సాగు తీరములలో, వల నిండిన దినమునను అప్పు తీరని ఇండ్లు అనేకము. డీజిలుకు, మంచుగడ్డకు, వలకు వ్యాపారి ముందుగానే సొమ్మిచ్చును. వడ్డీ లేదనును, చేపను మాత్రము అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలెను. ఆ తగ్గిన ధరయే వడ్డీ. చేప గంటలలో చెడిపోవును గనుక బేరమాడుటకు వ్యవధి లేదు. దీవులవారికి చెన్నై, విశాఖల మార్కెట్టు సుమారు 1200 కిలోమీటర్ల దూరము. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేటకు నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టుటకు అది మేలే, గాని ఆ దినములలో పొయ్యి ఆరదు గదా! 2004 డిసెంబరు 26 సునామీలో పడవలు పోయినవారికి పలుచోట్ల క్రొత్తవి దొరికెను. పడవ కానుకగా వచ్చెను. మరునాటి డీజిలు రాలేదు.

సీమోను వలలు పిగులుచుండగా రెండవ పడవవారికి సైగ చేసిన సంగతిని ప్రసంగీకులు త్వరగా దాటిపోవుదురు. జెబెదయి కుమారులను లూకా ‘కొయినోనొయ్’ అనెను, అనగా వృత్తిలో భాగస్థులు. ఆదిసంఘపు సహవాసమునకు అతడే వాడిన ‘కొయినోనియా’ ఆ మాటకు తోబుట్టువు. పది కుటుంబములు కలిసి మంచుగడ్డకు నిధి కూర్చుకొని, తూకమును తామే చూచుకొని, గంపతో చేపలమ్ము స్త్రీని దినవడ్డీనుండి తప్పించినయెడల, అది లౌకికమని సంఘము త్రోసివేయుటకు లూకా చోటియ్యడు.

అప్పిచ్చువాడు ఎల్లప్పుడు వెలుపటివాడే కాడు. పొలములు తాకట్టుపెట్టి, బిడ్డలను దాస్యమునకప్పగించి యెరూషలేములో మొరపెట్టినవారికి అప్పిచ్చినది వారి సహోదరులైన యూదులే. తానును తనవారును అప్పిచ్చిన మాటను నెహెమ్యా దాచలేదు. ప్రాకారపు పని ముగియకమునుపే సభ కూర్చి, పొలములను, ఇండ్లను, పుచ్చుకొన్న నూరవవంతును ఆ దినమే తిరిగి ఇయ్యవలెననెను. యాజకులను పిలిపించి అప్పిచ్చినవారిచేత ప్రమాణము చేయించి, తన ఒడిని దులిపి చూపెను. సమాజమంతయు ఆమేన్ పలికెను. పొలములు మరల దున్నువారి చేతికి వచ్చెను.