గల్లాపెట్టె డబ్బు ఎవరిది?

1959లో ముంబయిలోని గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని, మేడమీద అప్పడాలు ఒత్తి ఆరబెట్టారు. అదే నేటి లిజ్జత్ పాపడ్. వాళ్లకు దారి చూపిన ఛగన్‌లాల్ పరేఖ్ ముఖ్యంగా రెండు విషయాల్లో పట్టుబట్టారు: సరుకు నాణ్యత ఎన్నడూ తగ్గకూడదు, లెక్క పక్కాగా ఉండాలి.

మన వీధి చివర టిఫిన్ బండికీ ఆ పక్కా లెక్కే సూత్రం. మినప్పప్పు, నూనె, గ్యాస్ ఖర్చు అందరూ లెక్కేస్తారు. తెల్లవారుజామునే లేచి పచ్చడి నూరిన ఇల్లాలి కూలి మాత్రం ఎవరూ రాయరు. అది కలపకుండా ప్లేటు ధర పెడితే, లాభమనుకున్నది నిజానికి ఆమె కష్టమే. సాయంత్రం పిల్లల ఫీజుకో, చీటీ వాయిదాకో గల్లాపెట్టెలో చెయ్యి పెడితే, మర్నాటి సరుక్కి వడ్డీకి తేవాల్సి వస్తుంది. అరువు ఇవ్వక తప్పకపోతే మనిషి ఎదుటే పద్దు రాయండి. బాకీ వసూలవుతుంది, స్నేహమూ నిలుస్తుంది.

ఇంటి డబ్బు వేరు, వ్యాపారం డబ్బు వేరు. నెలకింత అని మీరూ జీతం తీసుకోండి. ఈ రాత్రి కొట్టు కట్టేసే ముందు పది నిమిషాలు కూర్చుని, వచ్చిందెంతో పోయిందెంతో రాయడం మొదలుపెట్టండి.