అవ్వకు ఒక పద్యం

చిరంజీవి బుజ్జమ్మకు,

ఉద్యోగంలో చేరాక ఇది నీ తొలి సంక్రాంతి. ఇంట్లో ఎవరికెంతలో కానుక కొనాలో తేలడం లేదని రాశావు. ధరల లెక్క వదిలెయ్యమ్మా. ఆ మనిషిని తలుచుకుని కొన్నావా, అంగట్లో కంటికి కనబడింది కొన్నావా, అదొక్కటే చూసుకో. మైపాడు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని మనకు చేపలు తెచ్చే ఆమెను మాత్రం మరవద్దు. ఆమెకు కొత్త చీరే పెట్టాలి, కట్టి విడిచింది కాదు.

ఇంకొకటి అడుగుతాను. కనుమనాడు అందరం బంతిలో కూర్చున్నప్పుడు చెప్పడానికి ఒక పద్యం కంఠతా పట్టుకుని రా. పద్యం కూడా కానుకేనా అనుకోకు. పదమూడో శతాబ్దంలో మన నెల్లూరేలిన మనుమసిద్ధి కవి తిక్కనను ‘మామా’ అని పిలిచేవాడు. ఆ వరస చూపించే నీ కావ్యకన్యను నాకివ్వమన్నాడు. పండక్కి వచ్చిన కొత్తల్లుడి చనువది! తిక్కన నిర్వచనోత్తర రామాయణం ఆయనకు అంకితమిచ్చాడు. తాను తెనిగించిన భారతం పదిహేను పర్వాలను మాత్రం ఏ రాజుకూ ఇవ్వలేదు, హరిహరనాథుడికి సమర్పించాడు.

నాకు వీటికంటే కేతన కవి చేసిన పని మీద మక్కువ. దశకుమార చరిత్రను ఆయన తిక్కనకే అంకితమిచ్చాడు. అందరికీ ఇచ్చే చేతికి కూడా ఒకరు ఇవ్వాలని ఆయనకు తోచింది చూడు, ఆ బుద్ధి గొప్పది.

మనింట్లో అలాంటి చెయ్యి మీ అవ్వది. అరిసెలు వొత్తి, మీ అందరికీ బట్టలు పెట్టి, వడ్డించి, చివర మిగిలింది తింటుంది. చూపు మందగించాక పుస్తకం పట్టుకోవడం కూడా పోయింది. ఈసారి ఆమెను బంతిలో మొదట కూర్చోబెట్టు. వడ్డన నువ్వూ మీ తమ్ముడూ చూసుకోండి. పద్యం ఆమె ముఖం చూస్తూ చెప్పు, ఫోన్లో వీడియో కోసం కాదు. నిదానంగా, మాట మాట విడదీసి, పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పు.

విరాటపర్వంలోది ఎంచుకో. తిక్కన భారతం మొదలయ్యేది అక్కడే. పైగా అది అవ్వకు నోటికొచ్చు, నువ్వు తడబడితే అందుకుంటుంది. పుస్తకం రేపు పోస్టులో వేస్తాను. అట్ట ఊడింది, జాగ్రత్తగా తిప్పు.

మీ తాత