మాటలో లేని కౌలు

నిజాము కాలమున వరంగల్లు ప్రాంతపు కౌలుదారుడు కౌలు చెల్లించినంతమాత్రమున విడుదల పొందలేదు. దొర పొలమున వెట్టి, దొర యింటి పెండ్లికి కానుక, ఇట్లు మాటాడుకొననివి యెన్నో మీదపడెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించెను. అయినను నోటిమాటపై సాగు కౌళ్లు నేటికిని కలవు.

ప్రియులారా, లాబాను యాకోబు జీతమును పదిమార్లు మార్చెను (ఆది. 31:7). దేవుడు అట్టివాడు కాడు. పట్టా యెవరి పేరనున్నను భూమి ఆయనదే, మనమందరము ఆయన కౌలుదారులమే (లేవీ. 25:23). అట్టి యజమానుడే తాను మననుండి కోరునది ముందుగా తెలియజేసెను (మీకా 6:8).

కాబట్టి పొలమైనను ఇల్లయినను ఇచ్చునప్పుడు, రావలసినదంతయు ముందే చెప్పి కాగితముమీద వ్రాసి యియ్యుడి. పిమ్మట అడిగిన ఒక్క పైస, న్యాయమైన కౌలును కూడ అన్యాయము చేయును.