హన్స్‌లెట్ ఇంకా ఆడుతోంది

గెలవడానికే ఆడతాం అంటాం. అయితే గెలుపు అరుదై, పై మెట్టు అందకుండా పోయి, చూసే జనం పలచబడ్డాక కూడా ఒక జట్టు దశాబ్దాల తరబడి ఆడుతూనే ఉంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా మనసు ఇంగ్లాండ్‌లోని హన్స్‌లెట్ వైపు పోతుంది. లీడ్స్ నగరానికి దక్షిణాన, ఎయిర్ నది పక్కనున్న కార్మికవాడ అది. అక్కడి రగ్బీ లీగ్ క్లబ్బు 1883లో పుట్టింది. ఎప్పటినుంచో అది ఆడుతున్నది కింది అంచెల్లోనే.

ఒకప్పుడు హన్స్‌లెట్ అంటే ఇనుము, బొగ్గు, ఆవిరి. 1864లో మొదలైన హన్స్‌లెట్ ఇంజన్ కంపెనీలాంటి కార్ఖానాల్లో తయారైన రైలింజన్లు దేశదేశాలకు వెళ్లాయి, ఇండియాకూ వచ్చాయి. ఆ కార్ఖానాల్లో, గనుల్లో చెమటోడ్చినవాళ్లే శనివారం మధ్యాహ్నం రగ్బీ ఆడేవాళ్లు. చిక్కంతా అక్కడే వచ్చింది. చాలామందికి శనివారం కూడా పనిదినమే. ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలినైనా ఇప్పించనివ్వండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. రగ్బీని నడిపే పెద్దలు కుదరదన్నారు. డబ్బు తగిలితే ఆట మైలపడుతుందని వాళ్ల వాదన. ఖరీదైన బడుల్లో చదివి, కూలికి వెళ్లే అవసరం లేనివాళ్లకు అలా అనడం తేలిక.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని వేరుపడాలని తీర్మానించాయి. అలా నార్తర్న్ యూనియన్ ఏర్పడింది. తొలి సీజన్ ఆడిన 22 క్లబ్బుల్లో హన్స్‌లెట్ ఒకటి. పని మానుకున్న రోజుకు ఆరు షిల్లింగులు మించకుండా ఇవ్వవచ్చు అన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. 1898లో డబ్బు తీసుకుని ఆడటానికి అనుమతించినప్పుడు కూడా, ఆటగాడికి వేరే ఉద్యోగం ఉండి తీరాలని కొన్నేళ్లపాటు షరతు పెట్టారు. 1906లో జట్టులో ఆటగాళ్లను 15 నుంచి 13కి తగ్గించారు. అదే మనం ఇవాళ రగ్బీ లీగ్ అంటున్న ఆట. అది పుట్టింది పనిచేసి బతికే మనిషికి ఆడే హక్కు కోసం. ఈ సంగతి మరిచిపోతే హన్స్‌లెట్ మనకు అర్థం కాదు.

1907-08లో హన్స్‌లెట్ చేసింది అంతకు ముందు ఎవరూ చేయనిది. ఛాలెంజ్ కప్పు, ఛాంపియన్‌షిప్, యార్క్‌షైర్ కప్పు, యార్క్‌షైర్ లీగ్, ఈ నాలుగూ ఒకే సీజన్లో గెలిచింది. ఛాలెంజ్ కప్పు ఫైనల్లో హల్ జట్టును 14-0తో ఓడించింది. ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఓల్డమ్‌తో 7-7తో సమానమై, మళ్లీ ఆడి 12-2తో నెగ్గింది. జట్టుకు నాయకుడు ఆల్బర్ట్ గోల్డ్‌థోర్ప్. ఆయనకప్పుడు 36 ఏళ్లు. గోల్డ్‌థోర్ప్ సోదరులు అయిదుగురూ హన్స్‌లెట్‌కు ఆడినవాళ్లే. ముందు వరుసల్లో ఒళ్లు లెక్కచేయకుండా దూసుకుపోయే ఆరుగురు ఫార్వర్డ్‌లను జనం 'టెరిబుల్ సిక్స్' అని పిలుచుకునేవాళ్లు. ఆ తర్వాత తమకు అందుబాటులో ఉన్న నాలుగు కప్పులనూ ఒకే సీజన్లో గెలిచిన జట్లు మరి రెండే: 1914-15లో హడర్స్‌ఫీల్డ్, 1927-28లో స్వింటన్.

కథ అక్కడితో ఆగిపోలేదు. 1934లో వెంబ్లీలో విడ్నెస్‌ను 11-5తో ఓడించి ఛాలెంజ్ కప్పు మళ్లీ తెచ్చుకున్నారు. 1938లో ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు వచ్చిన రెండు జట్లూ ఒకే నగరానివి, లీడ్స్, హన్స్‌లెట్. ఎల్లండ్ రోడ్ మైదానంలో 54,112 మంది చూస్తుండగా దక్షిణపు కార్మికవాడ 8-2తో పెద్ద జట్టును ఓడించింది. 1965లో వెంబ్లీ ఫైనల్లో విగన్ చేతిలో 20-16తో ఓడిపోయినా ఆ మ్యాచ్‌ను గొప్ప ఫైనళ్లలో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీని ఆ రోజు మొదటిసారి ఇద్దరికి కలిపి ఇవ్వాల్సి వచ్చింది: విగన్‌కు చెందిన రే ఆష్బీకి, హన్స్‌లెట్‌కు చెందిన బ్రయన్ గాబిటాస్‌కు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లకే క్లబ్బు మూతపడింది. ఆట సత్తువ తగ్గడం ఒక్కటే దీనికి కారణం అనుకుంటే పొరపాటు. అప్పటికే పాత ఇరుకిళ్లను కూల్చేసి జనాన్ని వేరే కాలనీలకు తరలిస్తున్నారు. కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పేట మీదుగా మోటార్‌వే పడింది. క్లబ్బుకు ప్రాణం పోసిన వీధులే చెదిరిపోయాక స్టాండ్లు నిండేదెలా? 1888 నుంచి సొంతగడ్డగా ఉన్న పార్క్‌సైడ్ మైదానాన్ని 1973లో అమ్మేశారు. క్లబ్బును రద్దు చేశారు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాత జరిగింది. రెండు దశాబ్దాలకు పైగా హన్స్‌లెట్ ఒక్కదానికే ఆడిన జెఫ్ గన్నీ, ఆయనతోపాటు మరికొందరు కలిసి అదే ఏడాది న్యూ హన్స్‌లెట్ పేరుతో క్లబ్బును మళ్లీ నిలబెట్టారు. మైదానం లేదు. అందుకని కుక్కల పందేలు జరిగే స్టేడియంలో ఆడారు. అక్కడి గోల్ స్తంభాలు కూడా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కనిపించే ఒంటికాలివి. తర్వాత బాట్లీ క్లబ్బు మైదానంలో ఆడారు, ఎల్లండ్ రోడ్‌లో ఆడారు. దక్షిణ లీడ్స్‌లోని స్టేడియం చేరి తమ వాళ్ల మధ్య స్థిరపడింది 1995లో. ఇరవైరెండేళ్లు పరాయి పంచల్లో గడిచాయి.

పాత మైదానం లేదు, పాత క్లబ్బు కంపెనీ లేదు, పాత ఆటగాళ్లు లేరు. మరి ఇది ఆ హన్స్‌లెట్టేనా? ఊరి చెరువులో నీళ్లు ఏటా కొత్తవే. గట్టు తెగకుండా చూసుకునేవాళ్లు ఉన్నంతకాలం అది అదే చెరువు. క్లబ్బు సంగతీ అంతే. భూమి, భవనం, కప్పుల అల్మారా, వీటిలో దేన్నయినా అమ్ముకోవచ్చు. ఇది మనది, దీన్ని పోనివ్వం అన్న పట్టుదలకు మాత్రం దస్తావేజు ఉండదు. 1973లో అమ్మకానికి దొరకనిది అదొక్కటే, మళ్లీ మొదలుపెట్టడానికి పనికొచ్చిందీ అదే.

1999లో ఆ పట్టుదలకు పెద్ద పరీక్షే ఎదురైంది. రెండో అంచె గ్రాండ్ ఫైనల్లో డ్యూస్‌బరీని 12-11తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించారు. మైదానంలో చేయాల్సిందంతా చేశారు. కానీ స్టేడియం ప్రమాణాలకు తగినట్టు లేదంటూ పై అంచె అయిన సూపర్ లీగ్‌లోకి రానివ్వలేదు. దీన్ని నేను అన్యాయమనే అంటాను. ఆటలో సంపాదించుకున్నదాన్ని కుర్చీల లెక్కతో కాదన్నారు. ఒకప్పుడు పోయిన కూలి ఇవ్వడానికి వీల్లేదన్న పెద్దలను ఎదిరించి పుట్టిన ఆట, నూరేళ్లు తిరిగేసరికి తన వాకిట్లో తానే అలాంటి గడప కట్టుకుంది.

అయినా క్లబ్బు వదల్లేదు. ఎక్కింది, దిగింది, 2024లో మళ్లీ మూడో అంచె నుంచి రెండో అంచెకు చేరింది. ఈ అంచెల్లో ఆడేవాళ్లలో ఎక్కువమందికి ఆట ఒక్కటే బతుకుతెరువు కాదు. వారమంతా ఎక్కడో పనిచేస్తారు, సాయంత్రాలు సాధన చేస్తారు, వారాంతంలో దెబ్బలు తింటారు, మళ్లీ పనికి వెళ్తారు. పెద్ద లీగులో ఆట పూర్తికాలపు వృత్తి అయింది, అందులో తప్పేమీ లేదు. కానీ 1895లో జార్జ్ హోటల్లో కూర్చున్నవాళ్లు ఏ మనిషి కోసం వేరుపడ్డారో, ఆ మనిషి ఇవాళ ఎక్కువగా కనబడేది పట్టికలో కింది వరుసల్లోనే. అందుకే కింది అంచెను ఓడినవాళ్ల చోటు అనడానికి నాకు మనసొప్పదు. ఆట పుట్టుకకు కారణమైన మాటను నిలబెడుతున్నది వాళ్లే.

నార్తర్న్ యూనియన్ తొలి సీజన్లో ఛాంపియన్‌గా నిలిచిన మానింగమ్ క్లబ్బు 1903లో రగ్బీ మానేసి బ్రాడ్‌ఫర్డ్ సిటీ అనే ఫుట్‌బాల్ క్లబ్బుగా మారింది. లివర్‌సెడ్జ్, టిల్డ్స్‌లీ లాంటివి ఆ మొదటి వరుస నుంచి ఎప్పుడో తప్పుకున్నాయి. నాలుగు కప్పులు గెలిచిన క్లబ్బులకు కూడా ఆ ఘనత రేపటి అన్నం పెట్టలేదు. హన్స్‌లెట్, స్వింటన్ అందుకు సాక్ష్యం. గెలుపు ఆ ఏడాదితో పూర్తవుతుంది. నిలబెట్టుకోవడం మాత్రం ప్రతి తరమూ కొత్తగా చేయాల్సిన పని. టికెట్లు అమ్మేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, పిల్లలకు ఆట నేర్పేవాళ్లు దాన్ని చేస్తారు. వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

ఏ ఆటలోనైనా సరే, ఈసారి పాయింట్ల పట్టిక చూసినప్పుడు మొదటి మూడు పేర్లతో ఆపకండి. చివరిదాకా చదవండి. అట్టడుగున ఉన్న పేరును కూడా ఎవరో కష్టపడి అక్కడ నిలబెట్టారు. అది ఓటమికి గుర్తు కానే కాదు.